రాగిబిళ్ళ మీద జోడు మాస్టారు

జోడు మాస్టారికి ఈ లోకంలో ఏదీ ఒంటరిగా కనబడకూడదు. ఏ వస్తువు చూపించినా, ఏ కబురు మోసుకొచ్చినా, ముందు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని "బాగుంది. దీని జోడేదీ?" అంటారు. ఆ తర్వాతే మిగతా సంభాషణ. పుట్టగానే అందరు పిల్లల్లా ఏడవకుండా నర్సుని ఇదే అడిగి ఉంటారని ప్రయోగశాలలో ఒక గట్టి నమ్మకం. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. గది తలుపు మీద ఇత్తడి రేకులో చెక్కి కూడా ఉంది. రోజూ దాన్ని తుడిచే మనిషి తప్ప ఇంకెవరూ అటు చూసిన పాపాన పోలేదు.

ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా ఒకసారి సంతకానికి కాగితం తెచ్చాడు. మాస్టారు సంతకం పెట్టేసి, నకలు కాగితం కోసం చెయ్యి చాపి, "జోడేదీ?" అన్నారు. ఆ అబ్బాయికి అప్పటికే వరసగా సంబంధాలు తప్పిపోతున్నాయి. తల దించుకుని, "ఇంట్లో చూస్తున్నారు సార్" అన్నాడు. మాస్టారు దాన్ని కూడా శ్రద్ధగా విన్నారు. "సరే, దొరికాక రెండూ కలిపి పట్టుకురా" అన్నారు.

చాడీలు చెప్పేవాళ్ళకి ఆయనంటే హడల్. చాడీ సగంలో ఉండగానే లేచి వెళ్ళి, రెండో మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడు మొదటినుంచి చెప్పమంటారు. దాంతో ఆ అంతస్తులో చాడీలనే వినోదం పూర్తిగా అడుగంటిపోయింది. ఎవరి మీదైనా ఏదైనా చెప్పుకోవాలంటే పై అంతస్తుకి ఎక్కాలి. లిఫ్టు పనిచేయదు. పరోక్షంగా చాలామందికి వ్యాయామం.

ఆయన నోరు మూతపడే చోటు ఊరు మొత్తానికి ఒక్కటే, సెలూన్. ముందొక అద్దం, వెనకొక అద్దం. ఎటు చూసినా జోళ్ళే, ఆ జోళ్ళకి మళ్ళీ జోళ్ళు. క్షవరం అయిపోయాక కూడా ఆ కుర్చీలోంచి లేవరు. సెలూన్ అతను మెడ దులిపి, తువ్వాలు తీసి, డబ్బులు తీసుకుని, పక్క కుర్చీలో ఇంకొకడికి గడ్డం కూడా గీసేసి, చివరికి "సార్, షాపు కట్టేస్తున్నా" అని అబద్ధమాడి పంపించేవాడు.

ఈ అలవాటు వృత్తిలోంచి పట్టుకుందో, అలవాటుకి తగిన వృత్తి వెతుక్కున్నారో తేల్చడం కష్టం. వృత్తి మాత్రం ఇదీ: గోరంత రాగిబిళ్ళని అద్దంలా నున్నగా చేస్తారు. గాలి మొత్తం లాగేసిన ఉక్కు డబ్బాలో పెడతారు. దాని మీద ఏదో ఒక రసాయనం (వాళ్ళ భాషలో మందు) అణువుల్ని ఒక్క పొరగా చల్లుతారు. అవి ఎలా పడుకున్నాయో చూస్తారు. చూడటం కూడా కంటితో కాదు. ఒక సూది వాటి మీద తగలకుండా తారాడుతూ ఎత్తుపల్లాలు పసిగడుతుంటే, తెర మీద గీత వెనక గీతగా బొమ్మ దిగుతుంది. మా అల్లుడు పడుకున్నవాటిని చూసి జీతం తెచ్చుకుంటాడని వాళ్ళ అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పేది. ఆవిడ లెక్కలో అది గొప్పగా చెప్పడమే.

కొత్తవాళ్ళకి మాస్టారు ఈ శాస్త్రాన్ని గ్లౌజుతో బోధిస్తారు. ఆస్పత్రుల్లో ఒకసారి వాడి పారేసే పల్చటి గ్లౌజు. ఏ చేతికైనా పడుతుంది. గాల్లో పట్టుకుని ఎటు తిప్పినా దానికి కుడీ లేదు, ఎడమా లేదు. బల్ల మీద పడేస్తే మాత్రం బొటనవేలు ఎడమకన్నా ఉంటుంది, కుడికన్నా ఉంటుంది. ఎడమది బల్ల మీద ఎంత జరిపినా, ఎంత గిరగిరా తిప్పినా కుడిది అవదు, పైకెత్తి తిరగేస్తే తప్ప.

"గ్లౌజు మారలేదు. బల్ల మారలేదు. రెండూ కలిశాయి, కుడీ ఎడమా పుట్టాయి" అంటారు మాస్టారు, పురుడు తనే పోసినంత సంబరంగా.

చదునైన అణువు రాగి మీద వాలినప్పుడూ ఇదే తంతు. గాల్లో ఉన్నంతసేపు దానికి కుడి ఎడమల గొడవ లేదు. లోహం ఒక ముఖాన్ని పట్టుకుని వదలకపోవడంతో వచ్చిపడుతుంది. రాగికి ఎవరి మీదా పక్షపాతం లేదు కాబట్టి సుమారుగా సగం ఎడమవి, సగం కుడివి అవుతాయి. ఎడమవి ఎడమవాటితో, కుడివి కుడివాటితో గుంపులు కడతాయి. అందుకని ఎవరు ఎడమ గుంపు బొమ్మ తెచ్చినా మాస్టారు కుడి గుంపు ఎక్కడని అడిగి తీరతారు. అడగటం న్యాయమే. సెలవు చీటీ తెచ్చినవాణ్ణి అడగటం దగ్గరే పేచీ.

గ్లౌజులు డాక్టరమ్మవి. డాక్టరమ్మ ఆయన భార్య, పళ్ళ డాక్టరు. ఆవిడ క్లినిక్‌లోంచి పెట్టెలకి పెట్టెలు మాయమయ్యేవి. మీ సైన్సు మూలాన నేను ఒట్టి చేతుల్తో జనం నోళ్ళలో వేళ్ళు పెట్టాల్సొస్తోంది అని ఆవిడ సణిగేది. ఆయన విని, బాగుంది అనేవారు. ఆ తర్వాత ఏమనేవారో చెప్పక్కర్లేదు.

ఆ గ్లౌజులే పంకాకి సీటు తెచ్చిపెట్టాయి. పంకా అంటే ఆయన దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయి. ఆమె పనిచేసే అణువుకి మూడు వంపు రెక్కలుంటాయి, పైనుంచి చూస్తే పంకాలా ఉంటుంది. అలా అణువు పేరు మనిషికి అంటుకుంది. ఇంటర్వ్యూలో మాస్టారు వచ్చినవాళ్ళందరికీ తలా ఒక కొత్త పెట్టె ఇచ్చి, గ్లౌజులు బల్ల మీద జల్లి ఏం కనబడిందో చెప్పమన్నారు. అందరికీ బొటనవేళ్ళు ఎక్కువగా ఎడమకే వచ్చాయి. ఒకడు దీన్ని ప్రకృతి నియమం అన్నాడు. ఇంకొకడు భూమి తిరిగే దిశని రంగంలోకి దింపాడు. పంకా మాత్రం పెట్టెలోకి తొంగిచూసి, "ఫ్యాక్టరీవాళ్ళు అన్నీ ఒకే వైపు పేర్చారు సార్" అని, గ్లౌజులన్నీ కలగాపులగం చేసి మళ్ళీ జల్లింది. మాస్టారు ఆ రోజే ఆమెని చేర్చుకున్నారు.

చేరినప్పుడు బాగానే ఉంది. తర్వాత ఏళ్ళు గడిచాయి, యంత్రం మొరాయించింది, బాగుపడింది, మళ్ళీ మొరాయించింది. పంకాకి ఇచ్చిన గడువు చివరికొచ్చింది. పైఊరి నుంచి పరీక్షకుడు వస్తాడు. ఆయన ముందు చెప్పుకోదగ్గ ఫలితం ఒకటి పెడితే ఇంకో ఏడాది ఇస్తారు. పెట్టలేకపోతే సామాను సర్దుకుని అన్నయ్య పెయింటు కొట్టుకి పోవాలి. అన్నయ్య అప్పుడే గల్లాపెట్టె దగ్గర కుర్చీకి కొత్త దిండు కుట్టించాడు. చెల్లెలి చదువు మీద అతనికున్న నమ్మకం అంతటిది.

అలాంటి సమయంలో ఒక ఉదయం పంకాకి లంకెబిందె దొరికింది. రాగిబిళ్ళ మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క కుడి అణువు లేదు. అన్నీ ఎడమవే. కుడిఎడమలు లేని అణువు, పక్షపాతం లేని లోహం, అయినా అందరూ కూడబలుక్కున్నట్టు ఎడమకే తిరిగి పడుకున్నారు. ఇది నిజమైతే పుస్తకాలు తిరగరాయాలి. పంకా కారిడార్లో కనబడ్డవాడికల్లా చాక్లెట్లు పంచింది. అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ ఏమీ అర్థం కాకపోయినా ఏడ్చింది.

మాస్టారు చెప్పులు బయట విడిచి యంత్రం గదిలోకి వచ్చారు. తెర మీద బొమ్మ ఇంకా దిగుతూనే ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి చూశారు.

"బాగుంది" అన్నారు. "దీని జోడేదీ?"

"అదే కదా సార్ విశేషం. జోడు లేదు."

"వెతికావా?"

"చాలా చోట్ల చూశాను సార్."

"ఇంకొన్ని చోట్ల చూడు" అని, ఇంకో మాట లేకుండా గదిలోంచి వెళ్ళిపోయారు.

పంకా ఆ రోజు అన్నం తినలేదు. మనిషి జీవితంలో ఒక్కసారి వచ్చే అదృష్టం వస్తే, ఈయన దాన్ని కూడా సాక్సుల జత అడిగినట్టు అడుగుతాడా? ఈయన కుళ్ళుకుంటున్నాడని స్నేహితురాలు ఒకతె అంది. ఇంకొకతె వయసు మీదపడిందంది. పంకా ఈ రెండూ నమ్మింది, రోజు మార్చి రోజు. నమ్ముతూనే వెతికింది, ఎందుకంటే పరీక్షకుడి ముందు ఈయన మళ్ళీ అదే అడుగుతాడు, సందేహం లేదు. బిళ్ళ మీద సూది పోగలిగినంత దూరం తిప్పింది. కుడి గుంపు కనబడలేదు. తీసిన బొమ్మలన్నీ మళ్ళీ మొదటినుంచి తిరగేసింది. లేదు.

ఇక మిగిలింది పచ్చి బొమ్మలు. పచ్చి బొమ్మలంటే యంత్రం ఇచ్చినవి ఇచ్చినట్టు. వాటిని ఎవరూ చూడరు. కంప్యూటర్లో మచ్చలు తుడిచే మీట ఒకటుంది. ఫోటో స్టూడియోలో మొటిమలు తుడిచినట్టు అది మిగతావాటికంటే ఎత్తుగా, ధగధగా ఉన్న చుక్కల్ని చెత్తగా లెక్కగట్టి చెరిపేస్తుంది. పంకా చేరిన రోజు నుంచి అలవాటుగా ఆ మీట నొక్కుతూనే ఉంది. పళ్ళు తోముకున్నట్టు. ఇప్పుడు కుడి గుంపు ఏ మచ్చ కిందైనా దాక్కుందేమోనని తుడవని బొమ్మలు తెరిచింది.

కుడి గుంపు లేదు. కానీ ప్రతి ఎడమ గుంపు నడుమా ఒకటో రెండో బొద్దు చుక్కలున్నాయి. చెత్త అయితే ఎక్కడపడితే అక్కడ ఉండాలి. ఇవి పెళ్ళిలో పెద్దమనుషుల్లా సరిగ్గా మధ్యలో కూర్చుని ఉన్నాయి.

ఆ బొద్దు చుక్కల్ని ఆమె ఎక్కడో చూసింది. ఎక్కడంటే, పెద్దన్న సిద్ధాంత గ్రంథంలో. పెద్దన్న అంటే సొంత అన్న కాదు, ఆమెకి ముందు ఆ బల్ల దగ్గర పనిచేసి, డాక్టరేటు పుచ్చుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళినవాడు. అతని అణువు చదునైంది కాదు. బొద్దుది, పుట్టుకతోనే ఎడమచేతివాటం. దాన్ని వేడి చేసి బిళ్ళ మీద చల్లడానికి వాడిన గాజు మూసలోనే, ఆ చిట్టి గిన్నెలోనే, ఇప్పుడు పంకా తన మందు వేడి చేస్తోంది. ఫోన్ చేసి అడిగితే, మూస కడిగే ఇచ్చానని పెద్దన్న ఒట్టేశాడు.

"ఎంతవరకు కడిగావు అన్నయ్యా?"

"కనబడినంతవరకూ."

అణువులతో పనిచేసేవాడు చెప్పవలసిన మాట కాదది. పంకా ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడ కేసి చూస్తూ కూర్చుంది. లంకెబిందె నిండా మసిబొగ్గులు. అణువులు వాటంతటవి ఎడమకి తిరగలేదు. మూసలో మిగిలిన ఎడమచేతివాటం పెద్దమనుషులు ఒకరిద్దరు గుంపు మధ్యలో చేరారు. పక్కనున్నవాడు వాళ్ళని చూసి తిరిగాడు, వాడి పక్కవాడు వాణ్ణి చూసి తిరిగాడు, మొత్తం ఊరు తిరిగింది. చాక్లెట్లు తిన్నవాళ్ళందరికీ ఇప్పుడేం చెప్పాలి? కుర్చీ మీద కొత్త దిండు కళ్ళ ముందు కదిలింది.

గోడ కేసి చూడగా చూడగా ఆమెకి ఇంకోటి తోచింది. పెద్దన్న అణువుకి అద్దంలో బొమ్మ లాంటిది, కుడిచేతివాటంది, రసాయనాల కంపెనీలు అమ్ముతాయి. శుభ్రమైన మూసలో తన మందుకి దాన్ని చిటికెడులో వెయ్యో వంతు కలిపి చల్లితే ఊరంతా కుడికి తిరగాలి. తిరిగితే, ఎంత కొద్దిమంది చాలునో లెక్క తేలితే, అది నిఖార్సైన ఫలితం. పుస్తకాలు తిరగరాయక్కర్లేదు గానీ ఒక పేజీ చేర్చుకోవచ్చు. ఒకటే చిక్కు. ఆ మందు సముద్రాలు దాటి రావాలి, ఇవాళ రాస్తే పరీక్షకుడు వచ్చి వెళ్ళాక గానీ రాదు.

అయినా స్టోర్‌కి వెళ్ళింది. స్టోరు బాబాయ్ ముప్పై ఏళ్ళుగా ఆ ఇనప బీరువాల మధ్య టీ తాగుతున్న మనిషి. ఆమె మందు పేరు పలకడం పూర్తికాకముందే ఫ్రిజ్ తెరిచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నీకోసమే ఉంది తల్లీ, మీ సార్ తెప్పించారు, నువ్వొచ్చి అడిగేదాకా నోరు విప్పొద్దన్నారు అని చెప్పాడు. ఎప్పుడు తెప్పించారని అడిగితే, నువ్వు చాక్లెట్లు పంచావే, ఆ రోజే పరిగెత్తుకొచ్చి విమానంలో తెప్పించమని ప్రాణాలు తోడేశారన్నాడు.

"ఎంత కంగారంటే ఒక కాలికే చెప్పుంది. నా సర్వీసులో మొదటిసారి నేను అడిగాను, జోడేదీ సార్ అని."

"ఏమన్నారు బాబాయ్?"

"కాళ్ళకేసి చూసుకుని, మంచి ప్రశ్న అన్నారు."

పంకా సీసా పట్టుకుని లెక్క కట్టింది. తెర మీద బొమ్మ దిగుతున్నప్పుడు ఇంకా ఎవరూ మచ్చలు తుడవలేదు. పెద్దన్న బొద్దు చుక్కల్ని మాస్టారు ఏళ్ళ తరబడి చూశారు. ముక్కు ఆనించి చూసిన ఆ నిమిషంలోనే ఆయనకి సంగతి మొత్తం తెలిసిపోయి ఉండాలి. తెలిసీ ఆ పిచ్చి ప్రశ్న ఒక్కటే అడిగి వెళ్ళిపోయారన్నమాట. ఆమెకి కోపం వచ్చిందో ఇంకేదైనా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అడిగేద్దామని గదికి వెళితే లేరు, క్లినిక్‌కి వెళ్ళారన్నారు. క్లినిక్‌కి వెళితే అక్కడ కూడా లేరు. గ్లౌజుల పెట్టె పట్టుకుని అప్పుడే ఉడాయించారట.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ పంకా చెప్పిందంతా వింది. విని, ఆమెని రోగుల కుర్చీలోనే కూర్చోబెట్టి తన కథ ఒకటి చెప్పింది.

క్లినిక్ పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చాడు. ఎటువైపు నొప్పి అంటే మొహం మొత్తం చూపించాడు. డాక్టరమ్మ దవడ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుపెట్టెకి తగిలించి చూసి, కుడి పన్ను పీకాలని నిర్ణయించి, మత్తుసూది చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే గ్లౌజుల దొంగ గుమ్మంలో నిలబడ్డాడు. ఫిల్ము కేసి చూసి దీని జోడేదీ అన్నాడు.

"నాకు ఒళ్ళు మండిపోయింది. దీనికి జోడుండదండీ, ఒక్కటే తీస్తారు అని చూపించబోయాను. మూలన అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఫిల్ము తిరగేసి తగిలించాను. పుచ్చింది ఎడమ పన్ను."

"మరి పెద్దాయన?"

"ఆయనకేం తెలుసు. మీ వారికి కొంచెం తేడా ఉన్నట్టుంది, ఎలా వేగుతున్నారమ్మా అని నన్నే ఓదార్చాడు. ఇప్పటికీ వాళ్ళింటిల్లిపాదీ నా దగ్గరికే వస్తారు. ఈయన్ని చూస్తే పాపం అనుకుంటారు."

ఇంటికెళ్ళాక ఆ సంగతి ఎత్తితే ఆయన ఏ ఫిల్ము అన్నాడట. ఎన్నిసార్లు ఎత్తినా ఏ ఫిల్ము అనే అంటాడట. అందరినీ, అన్నిటికీ అదే అడిగే మనిషి కదా, నిజంగా తప్పు చేసినవాణ్ణి అడిగినప్పుడు కూడా పక్కనున్నవాళ్ళు గమనించరు అంది డాక్టరమ్మ, దీపం ఆర్పుతూ.

"నీకు తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకు. బాగా నటిస్తున్నానని అనుకుంటున్నాడు."

పంకా చిటికెడులో వెయ్యో వంతు కలిపింది. చల్లింది. సూది తారాడింది. ఈసారి మీట నొక్కలేదు.

పరీక్షకుడు వచ్చిన రోజు గది నిండిపోయింది, సగం మంది చాక్లెట్లు తిన్నవాళ్ళే. పరీక్షకుడు సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలో ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. పంకా మొదట అన్నీ ఎడమకి తిరిగిన బొమ్మ పెట్టింది. గదిలో గుసగుసలు లేచాయి. వెంటనే తుడవని బొమ్మ పెట్టి, బొద్దు చుక్కలు చూపించి, మీట సంగతి, మూస సంగతి చెప్పేసింది. పెద్దన్న పేరు ఎత్తలేదు, పాత మందు మిగిలిందంది అంతే. అంటే నువ్వు కనిపెట్టింది కనిపెట్టలేదని చెప్పడానికి ఇంత దూరం పిలిపించావా అని పరీక్షకుడు అడిగాడు. అక్కడిదాకా అంతే సార్ అంది పంకా. ఆయన కలం మూత పెట్టబోయాడు.

వెనక వరసలో మాస్టారు లేచారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు. ఏమంటారో తెలిసినవాళ్ళు ముందే నవ్వడం మొదలెట్టారు.

"బాగుంది. దీని జోడేదీ?"

"ఉంది సార్" అని పంకా తర్వాతి బొమ్మకి మీట నొక్కింది.

ఆ గదిలో ప్రొజెక్టరు పాతది. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ రావడానికి తాపీగా ఆలోచించుకుంటుంది. తెర నల్లబడింది. ఆ చీకట్లో మాస్టారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, కనుబొమ్మలు జుట్టు దాకా ఎగరేసి, "అబ్బో, అన్నీ కుడివే! ఇది నేను కల్లో కూడా అనుకోలేదు" అని ఆశ్చర్యపోయారు.

తెర ఇంకా నల్లగానే ఉంది. పరీక్షకుడు వెనక్కి తిరిగి మాస్టారి కేసి చూశాడు, మళ్ళీ ఖాళీ తెర కేసి చూశాడు. డాక్టరమ్మ మొదటి వరసలో కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంకా తల వంచుకుని, నవ్వు బయటపడకుండా, తీగ ఏదో వదులైనట్టు సర్దుతూ ఉండిపోయింది. చెయ్యి గుండెల మీదే ఉంచుకుని, ఆశ్చర్యం ఇంకాస్త కొనసాగించాలా, ఇక చాలించి కూర్చోవాలా అని మాస్టారు తేల్చుకోలేకపోతున్నారు.

బొమ్మ ఆ తర్వాత వచ్చింది. బొమ్మ వెనకాలే ఇంకో ఏడాదీ వచ్చింది.